రెండున్నర చీరల విశ్వంలో మధ్యయుగం ఎంత?

చీరాల_సుధ · శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మావాడు తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉందని రెండు రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. విశ్వం పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఒక చార్టు కావాలట. అందులో మధ్యయుగంలో ప్రపంచమంతటా కనిపెట్టినవన్నీ కూడా రావాలట. ఎంత పొడుగు కాగితం తీసుకున్నా చివర మనుషులకు చోటు మిగలడం లేదు.

మా నాన్న మగ్గం మీద నుంచి లేవకుండానే ఉపాయం చెప్పారు. "కాగితాలెందుకే, చీరలు పరవండి" అని. మీటరుకు 100 కోట్ల ఏళ్లు అనుకుంటే 1380 కోట్ల ఏళ్లకు 13.8 మీటర్లు. చీర ఐదున్నర మీటర్లు కదా, రెండున్నర చీరలన్నమాట. అద్దకం పాడైనవి ఇంట్లో ఉన్నాయి.

ఇప్పుడు నా తిప్పలు రెండు. ఒకటి, వాడి సోషల్ పుస్తకంలో యూరప్‌కి చీకటి యుగం అని ఉంది. యూట్యూబ్‌లో ఎవరో విశ్వానికీ చీకటి యుగం ఉందన్నారట. రెండూ ఒకటేనా అని అడుగుతున్నాడు. రెండోది, మధ్యయుగం దగ్గర ఏమేం పెట్టాలి? నాన్న మాత్రం "ముందు రాట్నం పెట్టండి" అంటున్నారు.

నక్షత్రకుడు · శనివారం, రాత్రి 9:52

సుధ గారూ, మీ నాన్నగారికి దండం. ఈ కొలత నాకు భలే నచ్చింది. చీర కొస నుంచి మొదలెడదాం.

మొదటి పావు మిల్లీమీటరులో విశ్వం దట్టంగా, వేడిగా కుతకుతలాడుతోంది. వెలుగు ఉంది కానీ కదల్లేదు, పొగమంచులో కారు లైటులాగా. 3,80,000 ఏళ్లకు, అంటే మీ చీర మీద అర మిల్లీమీటరు కూడా నిండకముందే, ఎలక్ట్రాన్లు కేంద్రకాలకు అతుక్కుని పరమాణువులు కుదురుకున్నాయి. అప్పుడు వెలుగు విడుదలైంది. ఆ వెలుగే సాగి సాగి ఇవాళ మైక్రోవేవ్‌గా ఆకాశం అన్ని వైపుల నుంచీ వస్తోంది. 1965లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. తమ యాంటెనాలో పావురాల రెట్ట వల్ల వస్తున్న గోల అనుకుని ముందు దాన్ని కడిగారు కూడా.

అసలు కథ ఆ తర్వాత. ఆ మెరుపు కంటికి కనపడనంత ఎర్రబారిపోయింది. కొత్త వెలుగు పుట్టించడానికి నక్షత్రాలు ఇంకా లేవు. ఉన్నదల్లా హైడ్రోజన్, హీలియం వాయువులు. దాన్నే విశ్వపు చీకటి యుగం అంటారు. మొదటి నక్షత్రాలు 10 నుంచి 20 కోట్ల ఏళ్లకు వెలిగాయి. మీ చీర మీద జానెడు. అంతవరకు నల్లగుడ్డ కుట్టేయండి. 30 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి గెలాక్సీలే ఉన్నాయి. అంత పాతదాన్ని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూసింది.

సూర్యుడు చివరి నుంచి 4.6 మీటర్ల దగ్గర. రాక్షసబల్లులు పోయింది చివరికి 6.6 సెంటీమీటర్ల ముందు. కొంగు అంచులోనే.

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 10:20

అమ్మా సుధా, మిగతాది నేను లెక్క కడతాను. ఈ కొలతలో ఒక మిల్లీమీటరు 10 లక్షల ఏళ్లు. మనలాంటి మనిషి పుట్టి 3 లక్షల ఏళ్లు, 0.3 మిల్లీమీటరు. మీ నాన్నగారు నూరో నంబరు నూలు వాడితే పోగు మందం దాదాపు 0.09 మిల్లీమీటరు ఉంటుంది. మనుషుల చరిత్ర మొత్తం మూడు నాలుగు పోగులు. వ్యవసాయం పుట్టి 12,000 ఏళ్లు, పోగులో ఎనిమిదో వంతు.

ఇక మధ్యయుగం. 500 నుంచి 1500 దాకా అనుకుంటే వెయ్యేళ్లు. ఒక మైక్రాన్. పోగును నిలువునా తొంభై చీలికలు చేస్తే అందులో ఒకటి.

కాబట్టి అక్కడ బొమ్మలు అతికించడం కుదరదు. దారం కట్టి పక్కకు లాగి, గోడ మీద విడిగా పెట్టుకోవాల్సిందే.

చీరాల_సుధ · శనివారం, రాత్రి 10:31

మాస్టారూ, నాన్నకు చదివి వినిపించాను. ఆయన లేచి ఒక పోగు లాగి దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. "తొంభై చీలికలా" అని మళ్లీ కూర్చున్నారు. మావాడి దృష్టి మాత్రం నల్లగుడ్డ మీదే ఉంది.

పాతపుస్తకం · ఆదివారం, ఉదయం 6:05

ఈ 1380 కోట్లు కనిపెట్టడానికి వాళ్లకు టెలిస్కోపులు కావాల్సివచ్చింది. మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. మహాయుగం 43,20,000 ఏళ్లు, అలాంటివి వెయ్యి అయితే బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్లు. భూమి వయసు 454 కోట్లు అంటున్నారు. ఎంత దగ్గరో చూడండి. ఇది కూడా చీర మీద పెట్టండి.

నక్షత్రకుడు · ఆదివారం, ఉదయం 8:40

అయ్యా, పెట్టమనే నేనూ అంటాను. ఆ కాలంలో చాలా చోట్ల ఏడెనిమిది వేల ఏళ్లు దాటి ఊహించనప్పుడు కోట్లలో ఆలోచించిన మాట నిజం. అది చిన్న విషయం కాదు. కానీ దాన్ని భూమి వయసు పక్కన పెట్టి "చూశారా" అంటే ఒప్పుకోలేను. కల్పం, అంటే మీరు చెప్పిన ఆ బ్రహ్మ పగలు, గ్రహాలన్నీ ఒకే చోటి నుంచి బయల్దేరి మళ్లీ సరిగ్గా చుట్లు ముగించుకోవడానికి జ్యోతిష గణితంలో కావాల్సిన పెద్ద సంఖ్య. భూమి వయసు ఉల్కల్లోని సీసం ఐసోటోపులు కొలిచి వచ్చింది, 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ చెప్పింది 455 కోట్లు. ఒకటి చుట్ల లెక్క, ఇంకొకటి రాయిని కొలిచిన లెక్క. దగ్గరగా రావడం కాకతాళీయం.

ఇదే గీటురాయి పెట్టి యూరప్ వాళ్లనూ చూద్దాం. 1225 ప్రాంతంలో ఇంగ్లండులో రాబర్ట్ గ్రోసెటెస్ట్ అనే పండితుడు ఒక చిన్న వ్యాసం రాశాడు. మొదట ఒకే ఒక్క వెలుగు బిందువు ఉండేదని, అది అన్ని వైపులా వ్యాపించి పదార్థాన్ని లాక్కుపోయి గోళంగా విశ్వాన్ని తయారుచేసిందని అందులో ఉంది. చదివితే బిగ్ బ్యాంగ్, అదే మహావిస్ఫోటనం, గుర్తొస్తుంది. కానీ ఆయన కొలిచిందేమీ లేదు, అరిస్టాటిల్ గోళాలకే కారణం వెతుక్కున్నాడు. ఆయన్నీ మహావిస్ఫోటనం కనిపెట్టినవాడు అనను.

పాతపుస్తకం · ఆదివారం, ఉదయం 9:02

సరే. పక్షపాతం లేదు కాబట్టి ఒప్పుకుంటున్నా. కానీ కల్పం బొమ్మ పెట్టించండి సుధ గారూ.

గడియారాల_రఫీ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

నాది గడియారాల రిపేరు షాపు, హైదరాబాద్ పాతబస్తీలో. మధ్యయుగం అంటున్నారు కదా, నాకు తెలిసిన సంగతి చెప్తా.

గడియారంలో కష్టమైనది ముల్లు తిప్పడం కాదు, ఆపడం. బరువు వేలాడదీసి వదిలేస్తే చక్రం గిర్రున తిరిగి అయిపోతుంది. దాన్ని పన్ను పన్నుకీ ఆపి వదలాలి. మేం ఎస్కేప్‌మెంట్ అంటాం. టిక్ టిక్ అనే చప్పుడు అదే. ఈ ఆపి వదిలే పనిని చైనాలో సు సోంగ్ అనే మంత్రి నీళ్లతో చేయించాడు. కైఫెంగ్ నగరంలో 1088లో మొదలుపెట్టి 1094కు పూర్తిచేశాడు. దాదాపు 12 మీటర్ల ఎత్తు గోపురం. పెద్ద చక్రం చుట్టూ గిన్నెలు. ఒక గిన్నె నిండి సరైన బరువు తూగితేనే మీట ఒరిగి చక్రం ఒక్క అడుగు కదులుతుంది, మళ్లీ లాక్. పైన నక్షత్రాల గోళం దానంతటదే తిరుగుతుంది.

ఎందుకు కట్టాడో వింటే నవ్వొస్తుంది. 1077లో పక్క రాజ్యం లియావోకి రాయబారిగా వెళ్లాడు, అక్కడి చక్రవర్తి పుట్టినరోజుకు. అది చలికాలంలో పగలు బాగా తగ్గే రోజు. తీరా చూస్తే వీళ్ల పంచాంగం ఒక రోజు తేడా. పక్కవాళ్లదే కరెక్టు. పరువు పోయింది. మన దగ్గరా రెండు పంచాంగాల మధ్య పండగ ఎప్పుడని గొడవ పడతారుగా, అదే.

1127లో ఉత్తరం నుంచి వచ్చిన జుర్చెన్ తెగవాళ్లు నగరం కొల్లగొట్టి గోపురాన్ని విప్పి పట్టుకుపోయారు. మళ్లీ సరిగ్గా నడిపించలేకపోయారు. మా దగ్గరికి కూడా ఇంట్లో విప్పేసి డబ్బాలో పోసుకొచ్చేవాళ్లు ఉంటారు.

లెక్కల_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 2:40

రఫీ భాయ్, మీ వృత్తి పేరే ఒక పాత యంత్రం నుంచి వచ్చింది. అడుగున సన్నటి రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే నెమ్మదిగా నిండి మునిగేది. ఒక్కసారి మునగడానికి 24 నిమిషాలు, అదే ఘటిక. ఘటిక గడియ అయింది, గడియ నుంచి గడియారం. పెళ్లి ముహూర్తం గడియలు, విఘడియల్లో చెప్పేది ఇందుకే.

గడియారాల_రఫీ · ఆదివారం, మధ్యాహ్నం 3:05

యంత్రాలు చేసిన అల్ జజరీని మరచిపోయా మాస్టారూ. ఇప్పటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో, 1206. ఏనుగు గడియారం ఆయనది. అందులో సమయం నడిపేది ఇదే మునిగే గిన్నె. ఏనుగు కడుపులో నీళ్లు, అందులో గిన్నె. అది మునిగినప్పుడల్లా తాడు లాగుతుంది, పైన గోలీ జారి పాము నోట్లో పడుతుంది, మావటివాడు డప్పు కొడతాడు. ఏనుగు హిందూస్తాన్‌ది, పాములు చైనా డ్రాగన్లు, నీటి పనితనం గ్రీకులది, పైన పక్షి ఈజిప్టుది. ఒకే బొమ్మలో ఇన్ని దేశాలు. మీ అబ్బాయి ఒక్క బొమ్మే గీయాలంటే ఇది గీయమనండి.

యూరప్‌లో నీళ్లు లేకుండా, బరువుతో నడిచే గడియారాలు 13వ శతాబ్దం ఆఖర్లో వచ్చాయి. ఇంగ్లండులో సాల్స్‌బరీ చర్చిలో 1386 నాటిదని చెప్పేది ఇంకా ఉంది. దానికి ముఖం లేదు, ముళ్లు లేవు. గంట కొట్టడమే పని.

ఓరుగల్లు_పోరడు · ఆదివారం, సాయంత్రం 5:30

చైనా అయింది, అరబ్బులు అయ్యారు, ఇంగ్లండు అయింది. మనమేమో గిన్నె మునగబెట్టి ఊరుకున్నమా? రామప్ప గుడి 1213. ఇసుక నింపిన గుంత మీద పునాది, పైన శిఖరానికి నీళ్ల మీద తేలే ఇటుకలు. బరువు తగ్గించడానికి అంత తేలికగా కాల్చిన్రు. యునెస్కో 2021లో ఊరికే ఇయ్యలేదు.

నన్నడిగితే గుడి కన్నా చెరువులు గొప్పవి. గణపతిదేవుని కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం. గొలుసుకట్టు చెరువులంటే ఒకటి నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. తూము ఎంత ఎత్తుల పెట్టాలె, కట్ట ఎంత వాలుండాలె, ఇదంతా లెక్క. గడియారం లెక్క ఊళ్లె నలుగురు చూసి చప్పట్లు కొట్టే బొమ్మ కాదు, అందుకే ఎవ్వరూ కనిపెట్టిన వస్తువుల జాబితాలో రాయరు.

ఇగ ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలల్ల చేసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చి కూసునేటోళ్లు.

నక్షత్రకుడు · ఆదివారం, సాయంత్రం 6:10

తమ్ముడూ, చెరువుల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కోనసముద్రం గురించి మనకున్న వివరమైన రాతలు తర్వాతి కాలానివి, 19వ శతాబ్దపు సర్వేల దాకా. కాబట్టి దాన్నొక్కదాన్నే మధ్యయుగం గోడ మీద పెట్టకు. కానీ హిందూ దేశపు ఉక్కు పేరు పాతదే. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ కిందీ కత్తుల మీద రాసినప్పుడు ఉంది, 12వ శతాబ్దంలో అల్ ఇద్రీసీ మెచ్చుకున్నాడు. మెత్తటి ఇనుము, కట్టె ముక్కలు, ఆకులు మట్టి మూసలో పెట్టి, మూతకు మట్టి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చి నిదానంగా చల్లారనిస్తారు. కట్టెలోని కర్బనం లోపల ఇనుములోకి దిగుతుంది. డమాస్కస్ కత్తుల మీది నీటి అలల గీతలు ఆ ఉక్కువే. ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నది మన దక్షిణాది ఉక్కు అనే మాటనే.

ఇక్కడే నా చీరా, మీ గోడా కలుస్తాయి. ఆ ఇనుము ఎక్కడిది?

నక్షత్రకుడు · ఆదివారం, సాయంత్రం 6:34

(పై పోస్టు మధ్యలో కరెంటు పోయింది.)

బిగ్ బ్యాంగ్‌లో ఇనుము పుట్టలేదు. హైడ్రోజన్, హీలియం, ఇసుమంత లిథియం, అంతే. మిగతావి దాదాపు అన్నీ నక్షత్రాలు వండినవే. అందులో ఒక వంట మధ్యయుగం వాళ్ల కళ్లముందే జరిగింది.

1006 ఏప్రిల్ ఆఖరు, మే మొదటి రోజుల్లో ఆకాశంలో దక్షిణం వైపు ఒక కొత్త చుక్క వెలిగింది. రాసి ఉన్న చరిత్రలో అంతకన్నా వెలిగిన సూపర్నోవా, అంటే పేలే నక్షత్రం, లేదు. ఈజిప్టులో అలీ ఇబ్న్ రిద్వాన్ అనే కుర్రాడు చూసి తర్వాత రాసుకున్నాడు. శుక్రుడికి రెండున్నర, మూడింతలు ఉందని, చంద్రుడి వెలుగులో నాలుగో వంతుకు కాస్త పైనే ఉందని. స్విట్జర్లాండులో సెయింట్ గాలెన్ మఠం సన్యాసులు రాశారు. చైనా, జపాను ఆస్థానాలు సరేసరి.

అది ఒక తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, పేలడం. అలాంటి పేలుడులో సూర్యుడి బరువులో సగం దాకా నికెల్ పుడుతుంది. ఆ నికెల్ 6 రోజులకు సగం చొప్పున కోబాల్ట్‌గా, ఆ కోబాల్ట్ 77 రోజులకు సగం చొప్పున ఇనుముగా మారుతుంది. చుక్క నెలల తరబడి వెలగడానికి కారణం ఈ మార్పులో వచ్చే శక్తే. అంటే ఆ సన్యాసులూ, ఆ కుర్రాడూ రాత్రుళ్లు చూస్తున్నది ఇనుము తయారవడం. వాళ్లకు తెలియదు పాపం.

గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 8:20

మే నెలంటే మన దగ్గర అందరూ ఆరుబయట మంచాలు వేసుకునే రోజులు కదండీ. వేంగి రాజ్యంలో ఒక్కరైనా "ఇదేంటిరా" అని లేచి కూర్చుని ఉండాలే.

1054లో ఇంకోటి వచ్చిందని విన్నాను. అప్పుడు రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు. నన్నయ గారు భారతం మీద ఉన్న రోజులు. ఆయనే చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

లెక్కల_మాస్టారు · ఆదివారం, రాత్రి 8:41

1054 జులై 4 అది. ఆషాఢం మబ్బులు పట్టి ఉంటాయి, వదిలెయ్యండి.

నక్షత్రకుడు · ఆదివారం, రాత్రి 8:55

మాస్టారూ, మబ్బుల సాకు చెల్లదు. ఆ చుక్క పట్టపగలు కనిపించింది 23 రోజులే. కానీ రాత్రిపూట 1056 ఏప్రిల్ దాకా కనిపిస్తూనే ఉంది. కార్తీకం రెండుసార్లు వచ్చి వెళ్లింది.

చైనావాళ్లు దాన్ని అతిథి నక్షత్రం అన్నారు. మా అమ్మమ్మ అయితే చుట్టం చుక్క అనేది. వాళ్లకు ఆకాశం చూసి రాయడం ఉద్యోగం, రాజుకు కీడు మేలు చెప్పాలి కాబట్టి. కారణం జోస్యమే. కానీ తేదీ, దిక్కు, ఎన్నాళ్లు కనిపించింది అన్నీ వేశారు. ఆ వేసిన చోట, వృషభ రాశి కొమ్ము దగ్గర, 1731లో ఒక ఇంగ్లీషు వైద్యుడు మసక మబ్బు చూశాడు. అదే క్రాబ్ నెబ్యులా, మన పీత. 20వ శతాబ్దంలో ఫొటోలు పోల్చి చూస్తే పీత పెరుగుతోంది. ఎంత వేగంగా పెరుగుతోందో వెనక్కు లెక్క కడితే దాదాపు 900 ఏళ్లు. 1928లో హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ చైనా చుక్కకూ దీనికీ ముడిపెట్టాడు. 1968లో దాని నడుమ సెకనుకు 30 చుట్లు తిరిగే నక్షత్రపు శవం దొరికింది.

అంత దూరం నుంచి వెలుగు రావడానికి 6500 ఏళ్లు పట్టింది. మీ చీర మీద ఆరున్నర మైక్రాన్లు. పేలింది అంత ముందే అన్నమాట.

మిలాన్_మాధవి · సోమవారం, తెల్లవారుజాము 2:10

ఇక్కడ ఇంకా పడుకోలేదు కాబట్టి యూరప్ తరఫున నేనొస్తున్నా. సుధ గారి అబ్బాయి పుస్తకంలో ఉన్న ఆ చీకటి అనే పోలిక మొదట వాడినవాడు ఇటలీవాడే, 14వ శతాబ్దపు పెట్రార్క్. ఆయనకు కావాల్సింది పాత రోము లాటిన్. అది తగ్గింది కాబట్టి అంతా చీకటి అన్నాడు. మొదటి రెండు మూడు శతాబ్దాల్లో పతనం అబద్ధమేమీ కాదు, లక్షల మంది ఉన్న రోము పదుల వేలకు పడిపోయింది. కానీ వెయ్యేళ్లకూ కలిపి ఒకే నల్లరంగు పూయడం అన్యాయం.

1086లో ఇంగ్లండు రాజు ఆస్తుల లెక్క తీయిస్తే 5,600 పైగా నీటి మరలు తేలాయి. బరువైన నాగలి బంకనేలను తిరగేసింది. గాలిమర 12వ శతాబ్దంలో. పర్షియాలో అంతకు ముందే ఉంది కానీ అది అడ్డంగా బొంగరంలా తిరిగేది.

నాకు ఇష్టమైనది కళ్లజోడు. 1286 ప్రాంతంలో, పీసా ఊరి చుట్టుపక్కల. 1306లో ఒక పాదరీ ప్రసంగంలో "కళ్లజోడు చేసే విద్య వచ్చి ఇరవై ఏళ్లు కాలేదు" అన్న మాట ఉంది. ట్రెవీజోలో 1352 నాటి గోడ బొమ్మలో ఒక మతగురువు జోడు ముక్కు మీద పెట్టుకుని రాసుకుంటుంటాడు. నేను వెళ్లి చూశాను. అచ్చం మా తాతయ్య కరణీకం పద్దులు రాసే పోజు. నలభై దాటిన నేతగాడికి, కంసాలికి ఇంకో ఇరవై ఏళ్లు పని ఇచ్చింది ఆ జోడు.

దానికీ వెనక కైరో ఉంది. 1011 నుంచి 1021 మధ్య ఇబ్న్ అల్ హైథమ్ కాంతి మీద పుస్తకం రాశాడు. చూపు అంటే కంటి నుంచి కిరణాలు వెళ్లడం కాదు, వస్తువు నుంచి వెలుగు కంట్లోకి రావడం అని చీకటి గదుల్లో దీపాలు పెట్టి చూపించాడు. అది లాటిన్‌లోకి 1200 ప్రాంతంలో వచ్చింది.

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 7:30

మాధవమ్మా, మీ ఊళ్ల వాళ్ల ఇంకో సంగతి. 1202లో పీసావాడే ఫిబొనాచి మన అంకెలను పుస్తకంగా రాశాడు. అల్జీరియా రేవులో అరబ్బుల దగ్గర నేర్చుకున్నాడు. వందేళ్లకు, 1299లో, ఫ్లోరెన్సు డబ్బు మారకం వ్యాపారుల సంఘం పద్దుల్లో ఆ అంకెలు వాడొద్దని కట్టడి చేసింది. సున్నాకు తోక పెడితే 6 అవుతుంది, 9 అవుతుంది, మోసం చేస్తారని భయమట. ఇవాళ చెక్కు మీద అంకెలతోపాటు అక్షరాల్లో కూడా రాయమంటారుగా.

నేను పిఠాపురంవాణ్ణి, కాబట్టి ఒక్క మాట మావాడి గురించి. పావులూరి మల్లన, నన్నయ కాలపువాడని చెబుతారు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. మహావీరుడి గణితంలో ఇటు నుంచి, అటు నుంచి ఒకేలా చదివే సంఖ్యలను హారాలంటారు. 142857143 ని 7 పెట్టి గుణించి చూడమనండి మీవాణ్ణి. క్యాలిక్యులేటర్ వద్దు.

చీరాల_సుధ · సోమవారం, ఉదయం 8:15

1000000001 వచ్చింది మాస్టారూ. రెండో ప్రయత్నంలో.

అందరూ చెప్పారు కానీ రాట్నం సంగతి ఎవరూ తేల్చలేదు. నాన్న అడుగుతున్నారు.

పాతపుస్తకం · సోమవారం, ఉదయం 8:50

రాట్నం మనదే, అనుమానమేముంది?

మిలాన్_మాధవి · సోమవారం, మధ్యాహ్నం 12:25

అనుమానం ఉంది. కదురు మనకు వేల ఏళ్లుగా ఉంది. చక్రం తగిలించిన రాట్నం మాట వేరు. 1237లో బాగ్దాదు బొమ్మలో స్పష్టంగా కనిపిస్తుంది, చైనాలో 13వ శతాబ్దపు బొమ్మల్లో ఉంది. మన దేశంలో దాని ప్రస్తావన 1350లో ఇసామీ రాసిన పర్షియన్ కావ్యంలో ఉందని, అంతకుముందు లేదని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ వాదించారు. అందరూ ఒప్పుకోలేదు కానీ ఆ వాదనను తోసిపారేయడం తేలిక కాదు. ఒక మనిషి నూలు వడికే వేగాన్ని అది ఎన్నో రెట్లు పెంచింది, ఆ సంగతి మాత్రం ఎవరూ కాదనరు.

చీరాల_సుధ · సోమవారం, మధ్యాహ్నం 1:40

నాన్నకు చెప్పాను. "అయితే మా అమ్మ కండెలు చుట్టింది దేనిమీద?" అని అడిగి, మావాడి చేత రాట్నం బొమ్మ అన్నిటికన్నా పెద్దది గీయించారు. ఇసామీ పేరు కింద చిన్నగా రాయడానికి ఒప్పుకున్నారు.

ఓరుగల్లు_పోరడు · సోమవారం, రాత్రి 9:05

సముద్రం అవతలోళ్లను మరిచిపోకుండ్రి. మధ్య అమెరికాల మాయావాళ్లు శుక్రుడు మళ్లీ అదే చోటికి రావడానికి 584 రోజులని పట్టికలు కట్టిన్రు, ఇప్పటి లెక్క 583.92. పసిఫిక్‌ల పాలినీసియావాళ్లు దిక్సూచి లేకుండ, చుక్కలు, అలలు చూసుకుంట జంట పడవలల్ల 13వ శతాబ్దంలో న్యూజిలాండ్ చేరిన్రు. వాళ్లకు బాగ్దాదు తెల్వదు, కైఫెంగ్ తెల్వదు. ఎవరి ఆకాశం వాళ్లు చూసుకున్నరు.

కొరియా గురించి కూడా. లోహపు అచ్చులతో 1377లో అచ్చేసిన బౌద్ధ పుస్తకం ప్యారిస్ల ఉంది. యూరప్‌ల అచ్చు మొదలుపెట్టిన గూటెన్‌బర్గ్ కన్నా 70 ఏండ్లు ముందు. చైనాల మట్టి అచ్చులతో బి షెంగ్ అంతకు 300 ఏండ్లు ముందు.

గడియారాల_రఫీ · మంగళవారం, ఉదయం 11:00

సుధమ్మా, ఒక మాట. మాస్టారు ఒక మైక్రాన్ అన్నారు కదా. మా దగ్గర కంటికి తగిలించుకునే భూతద్దం ఉంటుంది, పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. పాతది ఒకటి పోస్టులో పంపిస్తా. చీర చివర దారంతో కట్టి వేలాడదీయండి. ఎవరైనా మధ్యయుగం ఎక్కడ అంటే అందులోంచి చూడమనండి. కనపడదు, పోగులు మాత్రం బాగా కనిపిస్తాయి. ఆ అద్దం కూడా మాధవమ్మ చెప్పిన కళ్లజోడు వంశమే.

చీరాల_సుధ · శుక్రవారం, సాయంత్రం 6:45

ఇవాళే ఎగ్జిబిషన్ అయింది. రఫీ గారూ, భూతద్దం అందింది, దాని దగ్గరే పెద్ద క్యూ. ఒక టీచరు చాలాసేపు చూసి "నాకేం కనపడలేదు" అంటే మావాడు "నాకూ కనపడలేదు మేడం, గోడ మీద చూడండి" అన్నాడట. ఏనుగు గడియారం బాగా వచ్చింది. పాము కాస్త పొట్లకాయలా ఉంది. కల్పం కూడా పెట్టాం, "లెక్క వేరు" అని పక్కన రాశాం.

ఒక పొరపాటు జరిగింది. చీరలు పరిచాక చూస్తే రెండున్నరా కలిపి 13.75 మీటర్లే. ఐదు సెంటీమీటర్లు తక్కువ. అంటే 5 కోట్ల ఏళ్లు లేవు. వాడు ఏడుపు మొహం పెడితే అమ్మ జాకెట్టు ముక్క ఒకటి తెచ్చి చీకటి యుగం పక్కన అతికింది.

నక్షత్రకుడు · శుక్రవారం, రాత్రి 9:30

మంచి చోటే అతికారు, నల్లగుడ్డ దగ్గర ఎవరూ పట్టుకోరు. అయినా విశ్వం వయసు లెక్కలోనే అటూ ఇటూ 2 కోట్ల ఏళ్ల తేడా ఉందంటారు, మీ చీర మీద రెండు సెంటీమీటర్లు. పైగా విశ్వం విస్తరించే వేగం ఒక పద్ధతిలో కొలిస్తే ఒకలా, ఇంకో పద్ధతిలో ఇంకోలా వస్తోందని పెద్ద గొడవ నడుస్తోంది. జనవరిలో మీ మిద్దె మీదికి టెలిస్కోపు తెస్తాను, పీతను చూపిస్తా.

చీరాల_సుధ · శుక్రవారం, రాత్రి 9:48

తప్పకుండా రండి. అమ్మ అంటోంది, కొలత ఇంకా తేలకపోతే కుట్టు లోపల రెండంగుళాలు మడత ఉంచుతుందట, కావాలంటే విప్పుకోవచ్చని.